ఏజెన్సీ దగ్గర మూడు బిల్లులు ఆగిపోయాయి, పైగా కొత్త ప్రాజెక్టు చేయమంటున్నారు. ఏం చేయాలి?

బెజవాడ ఎడిటర్:

అందరికీ నమస్తే. విజయవాడలో ఇంటి నుంచే వీడియో ఎడిటింగ్, మోషన్ గ్రాఫిక్స్ చేస్తుంటాను. హైదరాబాద్‌లో ఒక యాడ్ ఏజెన్సీకి పోయిన ఏడాది నుంచి పని చేస్తున్నా. మొదట్లో బిల్లు పెట్టిన రెండు మూడు వారాల్లో డబ్బులు పడిపోయేవి, ఏ గొడవా లేదు. ఈ ఏడాది జనవరిలో 60,000, మార్చిలో 48,000, మేలో 35,000, మొత్తం 1,43,000 ఆగిపోయాయి. ఫోన్ చేస్తే ఒకసారి "అకౌంట్స్ వాళ్ళకి పంపాం" అంటారు, ఇంకోసారి "నెలాఖరుకి చూద్దాం" అంటారు. ఈ మధ్య అసలు మాట చెప్పారు, ఆ రియల్ ఎస్టేట్ క్లయింట్ వాళ్ళకే ఇంకా డబ్బులు ఇవ్వలేదట, వాళ్ళకి వస్తే నాకు ఇస్తారట.

వీడియోలు మాత్రం ఎప్పుడో ఇచ్చేశా, అవి యూట్యూబ్‌లోనూ ఇన్‌స్టాలోనూ నడుస్తూనే ఉన్నాయి. నిన్న మళ్ళీ ఫోన్ చేసి ఇంకో వెంచర్ లాంచ్ ఉంది, పది రీల్స్ కావాలి, ఇది చేసిస్తే పాతదీ కొత్తదీ కలిపి ఒకేసారి సెటిల్ చేస్తామన్నారు. చేయనంటే పాత డబ్బులు కూడా పోతాయేమోనని టెన్షన్. సిస్టమ్ కొన్న ఈఎంఐ నడుస్తోంది, ఇంట్లో అడిగితే చెప్పడానికి నా దగ్గర సమాధానం లేదు.

అగ్రిమెంట్ లాంటిది ఏమీ రాసుకోలేదు. రేటు, డెలివరీ తేదీలు మెయిల్‌లో ఉన్నాయి, మిగతా మాటలన్నీ వాట్సాప్‌లోనే. నాకు జీఎస్టీ లేదు. కొత్త పని ఒప్పుకోవాలా వద్దా, పాతది ఎలా రాబట్టాలి, ఇకముందు ఎవరితోనైనా పేమెంట్ షరతులు ఎలా పెట్టుకోవాలి, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కూకట్‌పల్లి డిజైన్స్:

తమ్ముడూ, ముందు ఆ పది రీల్స్ సంగతి. పాత బాకీ తీరేదాకా ఒక్క ఫ్రేమ్ కూడా కట్ చేయకు. "రెండూ కలిపి సెటిల్ చేస్తాం" అనే మాట నేను ఇక్కడ చాలామంది ఏజెన్సీల నోట విన్నా. నీ 1,43,000 వాళ్ళ దగ్గరే ఉన్నాయి, ఇప్పుడు ఇంకో లక్ష పని కూడా చేసిచ్చావంటే నీ మీద వాళ్ళ పట్టు ఇంకా పెరుగుతుంది. ఎంత ఎక్కువ ఇరుక్కుంటే అంత మెత్తగా మాట్లాడాల్సి వస్తుంది.

చేయనంటే పాతది పోతుందేమో అని భయపడుతున్నావు కదా, నిజానికి ఇప్పుడు అవసరం వాళ్ళది. లాంచ్ తేదీ దగ్గర పడింది, వాళ్ళ టెంప్లేట్లు, ఫాంట్లు, ఆ బ్రాండ్ స్టైల్ అన్నీ నీకు తెలుసు, కొత్తవాణ్ణి పెట్టుకుంటే వాళ్ళకి టైం పడుతుంది. ఈ వారం నీకున్న బలం వచ్చే నెల ఉండదు. "తప్పకుండా చేస్తానండీ, నాకూ ఇష్టమే, జనవరి, మార్చి బిల్లులు క్లియర్ చేసి కొత్తదానికి సగం అడ్వాన్స్ వేస్తే రేపే మొదలుపెడతా" అని మర్యాదగా మెయిల్ పెట్టు. గొంతు పెంచాల్సిన పని లేదు.

ఇక వాళ్ళ క్లయింట్ వాళ్ళకి ఇవ్వలేదు అనేది నీ సమస్య కాదు. నువ్వు ఒప్పుకున్నది ఏజెన్సీతో. ఆ రియల్ ఎస్టేట్ వాళ్ళతో నీకు పరిచయమే లేదు, నీ బిల్లు వాళ్ళ పేరు మీద లేదు. ఏజెన్సీ అన్నాక క్లయింట్ లేటుగా ఇచ్చినా తట్టుకోవాలి, ఆ రిస్క్ తీసుకుంటున్నందుకే కదా నీ రేటు మీద వాళ్ళ మార్జిన్ వేసుకునేది. మార్జిన్ వాళ్ళకి, రిస్క్ నీకు అంటే ఎలా? ఇది ఫోన్‌లో వాదించకు, రాతలో ఒక్క వాక్యం పెట్టు చాలు: మన ఒప్పందంలో మీ క్లయింట్ చెల్లింపుతో ముడిపెట్టిన షరతు ఏదీ లేదు అని. కొత్త ఏజెన్సీలతో అయితే ఈ వాక్యాన్ని కొటేషన్‌లోనే రాసెయ్.

పెళ్ళి ఫొటోలు గుంటూరు:

మా ఫీల్డ్‌లో ఎలా చేస్తామో చెప్తా, వీడియో ఎడిటింగ్‌కి కూడా పనికొస్తుంది. పెళ్ళి బుకింగ్ రోజే బయానా తీసుకుంటాం, అది లేకపోతే ఆ తేదీ వాళ్ళ పేరు మీద రాసుకోం. పెళ్ళి రోజు నాటికి పెద్ద వాటా అందాలి, ఎందుకంటే కెమెరామెన్, డ్రోన్, లైటింగ్ వాళ్ళకి ఆ రాత్రే ఇవ్వాలి. మిగిలిన బ్యాలెన్స్ ఆల్బమ్ చేతికిచ్చే ముందు. ఇందులో ఎవరూ ఫీలవరు, ఎందుకంటే క్యాటరింగ్ వాళ్ళూ, ఫంక్షన్ హాలూ, మేళం వాళ్ళూ అందరూ ఇలాగే తీసుకుంటారు. అదే మనిషి తన కంపెనీకి వీడియో చేయించుకునేటప్పుడు మాత్రం "పని చూసి ఇస్తాం" అంటాడు. మనం అడగకపోవడం వల్లే ఆ అలవాటు.

బ్రదర్, ఫైనల్ ఫైల్ మీ చేతిలో ఉన్నంతవరకే మీ మాట చెల్లుతుంది. అందుకే అప్రూవల్ కోసం పంపేది ఎప్పుడూ తక్కువ రిజల్యూషన్‌లో, మధ్యలో వాటర్‌మార్క్ వేసి పంపండి. కరెక్షన్లన్నీ దాని మీదే కానివ్వండి. ఓకే అన్నాక బ్యాలెన్స్ వేయమని అడిగి, డబ్బు పడ్డాక క్లీన్ ఎక్స్‌పోర్ట్ లింక్ ఇవ్వండి. ప్రాజెక్ట్ ఫైల్స్ అడిగితే దానికి వేరే రేటు. కరెక్షన్లు ఎన్నిసార్లో కూడా ముందే చెప్పాలి, లేకపోతే "ఇంకో చిన్న చేంజ్" అంటూ పని ఎప్పటికీ ముగియదు, పని ముగియలేదు కాబట్టి బిల్లు కూడా ముగియదు. రెండు రౌండ్లు ఫ్రీ, మూడోది నుంచి ఇంత అని పెడితే వాళ్ళే అన్ని మార్పులూ కలిపి ఒకేసారి చెప్తారు.

ఇంకోటి, మధ్యలో ప్రాజెక్టు ఆపేస్తే అడ్వాన్స్ తిరిగి ఇవ్వబడదు, అప్పటివరకు అయిన పనికి లెక్క కట్టి బిల్లు వేస్తాం అని రాయండి. లాంచ్‌లు వాయిదా పడటం రియల్ ఎస్టేట్‌లో మామూలే.

వైజాగ్ ఫ్రెషర్:

పై ఇద్దరూ చెప్పింది వినడానికి బాగానే ఉంది కానీ నాలాంటి కొత్తవాళ్ళు అడ్వాన్స్ అడిగితే క్లయింట్ వెంటనే వేరేవాళ్ళని చూసుకుంటాడు. నా రేటుకి సగానికే చేసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. పోర్ట్‌ఫోలియో లేనప్పుడు షరతులు పెట్టే స్థితి మనకి ఎక్కడిది?

పెళ్ళి ఫొటోలు గుంటూరు:

నిజమే, కొత్తలో 50 శాతం అడిగితే కొందరు పోతారు. అలాంటప్పుడు పనినే ముక్కలు చేయండి. పది రీల్స్ అయితే మొదటి రెండు చేసి, వాటి డబ్బు తీసుకుని, తర్వాతి రెండు మొదలుపెట్టండి. అప్పుడు ఎటుచూసినా పోయేది రెండు రీల్స్ కష్టమే. అడ్వాన్స్ అనే మాట కూడా వాడక్కర్లేదు. రెండు రీల్స్ డబ్బు కూడా ముందు పెట్టనన్నవాడు పది రీల్స్ అయ్యాక పెడతాడని నాకైతే నమ్మకం లేదు. పోర్ట్‌ఫోలియో కోసమే చేస్తున్నారా, అలాగైతే మన కాలేజీ ఫెస్ట్‌కో, ఊళ్ళో తెలిసిన షాపుకో మీ ఇష్టంతో చేసి పెట్టండి, కనీసం బిల్లు కోసం తిరిగే పని ఉండదు.

అకౌంట్స్ డెస్క్:

నేను బిల్లులు పాస్ చేసే వైపు కూర్చునే మనిషిని, హైదరాబాద్‌లోనే ఒక మధ్యస్థాయి కంపెనీ అకౌంట్స్‌లో పని. లోపల ఏం జరుగుతుందో చెప్తే మీకు ఉపయోగం అనిపించింది, కొంచెం పొడవైనా చదవండి.

మీ బిల్లు ఎవరికి పంపారు? క్రియేటివ్ టీమ్‌కి వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపితే అది మా దాకా వచ్చిందన్న గ్యారంటీ లేదు. మాకు వచ్చి, మా పుస్తకాల్లో ఎక్కితేనే అది బిల్లు. చాలా కంపెనీల్లో పీవో (పని ఇస్తూ కంపెనీ రాసిచ్చే ఆర్డర్) నంబర్ లేని బిల్లు పక్కన పడేస్తారు, వెండర్ కోడ్ (సిస్టమ్‌లో మీ పేరు మీద ఇచ్చే నంబర్) తెరవని మనిషికి పేమెంట్ సిస్టమ్‌లోనే ఎక్కదు. అందుకని పని ఒప్పుకున్న రోజే అడగండి: పీవో ఇస్తారా, వెండర్ ఫారం ఉందా, బిల్లు ఏ మెయిల్‌కి పంపాలి, అకౌంట్స్‌లో ఎవరితో మాట్లాడాలి, నెలలో ఏ తేదీల్లో పేమెంట్లు వదులుతారు. నెల ఐదున, ఇరవయ్యిన రిలీజ్ చేసే చోట మీ బిల్లు ఆరో తారీకు వస్తే రెండు వారాలు ఊరికే పోయినట్టే.

బిల్లు మీద "30 రోజుల్లో చెల్లించాలి" అని రాయకండి. ఏ రోజు నుంచి 30? బిల్లు తేదీ నుంచా, మాకు అందిన రోజు నుంచా, మేనేజర్ సంతకం పెట్టిన రోజు నుంచా? ఎవరి లెక్క వాళ్ళకి అనుకూలంగా ఉంటుంది. "చెల్లించాల్సిన ఆఖరు తేదీ: జులై 15" అని తేదీ వేయండి. పాన్, బ్యాంక్ ఖాతా, ఐఎఫ్‌ఎస్‌సీ, పని వివరం, ఎవరు ఆర్డర్ ఇచ్చారో వాళ్ళ పేరు, ఇవన్నీ ఒకే పేజీలో ఉండాలి. వీటిలో ఒకటి లేకపోయినా "క్లారిఫికేషన్ కోసం వెనక్కి పంపాం" అనే సాకు దొరుకుతుంది, నగదు కొరత ఉన్న నెలలో ఆ సాకు కోసం నిజంగా వెతుకుతారు.

కొరత ఉన్నప్పుడు ముందు ఎవరికి ఇస్తారో తెలుసా? జీతాలు, అద్దె, పన్నులు, ఆ తర్వాత ఎవరు ఆగితే పని ఆగుతుందో వాళ్ళు, ఆ తర్వాత పేపర్లు సరిగ్గా ఉండి వారం వారం అడిగేవాళ్ళు. మొహమాటపడి అడగనివాళ్ళు ఆఖర్న. మీ మీద కోపంతో కాదు, అడగని బిల్లు ఎవరి కంటికీ కనపడదు. అందుకే గడువుకి ముందే ఒక చిన్న మెయిల్, గడువు రోజు ఒకటి, దాటాక వారానికొకటి, అన్నీ అదే మెయిల్ కింద వరుసగా పెట్టుకుంటూ పోవాలి. ఫోన్‌లో మాట్లాడినా తర్వాత "ఇందాక మీరు చెప్పినట్టు ఫలానా తేదీకి వేస్తారు కదా" అని రాతలో పంపండి.

ఇప్పుడు మీ కేసులో వెంటనే చేయాల్సిన పని ఒకటుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లోకి వెళ్ళి మీ 26ఏఎస్ (మీ పాన్ మీద ఎవరెవరు ఎంత పన్ను కట్టారో చూపించే పట్టిక) తెరవండి. టీడీఎస్ అంటే మీకిచ్చే డబ్బులోంచి వాళ్ళే కోసి మీ పేరు మీద ప్రభుత్వానికి కట్టే పన్ను, అది డబ్బు ఇచ్చినప్పుడే కాదు, బిల్లుని పుస్తకాల్లో మీ పేరు మీద జమ రాసినప్పుడే కోయాలి, ఏది ముందైతే అది. మార్చితో సంవత్సరం ముగుస్తుంది కాబట్టి ఖర్చు చూపించుకోవడానికి పెండింగ్ బిల్లులన్నీ ఎక్కించేస్తారు. జనవరి-మార్చి టీడీఎస్ రిటర్న్‌కి గడువు మే 31. ఏజెన్సీ మీ బిల్లులు ఎక్కించి ఉంటే ఈపాటికి అది అందులో కనపడాలి. చూసి ఇక్కడ చెప్పండి.

వరంగల్ వకీలు:

చట్టం వైపు నుంచి కొన్ని మాటలు, మీరు ఉన్న స్థితికి సరిపడేవే చెప్తాను.

2006 ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) డెవలప్‌మెంట్ యాక్ట్ ఫ్రీలాన్సర్లకి కూడా పనికొస్తుందని చాలామందికి తెలియదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (ఇలాంటి సంస్థలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉన్న చిన్న సర్వీస్ ప్రొవైడర్‌కి కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని తేదీకి, అది ఎంత పొడిగించినా 45 రోజులు దాటకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెల నెలా చక్రవడ్డీ. ఒప్పందంలో వేరేలా రాసుకున్నా ఈ వడ్డీ తప్పదు. అయినా ఇవ్వకపోతే ఇలాంటి బాకీల గొడవలు తేల్చడానికే ఉన్న ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్ళొచ్చు. 2017లో సమాధాన్ పోర్టల్ వచ్చాక దీన్ని ఆన్‌లైన్‌లోనే మొదలుపెట్టే వీలు కలిగింది. అన్నిటికన్నా ముఖ్యమైనది, సరఫరా చేసినవాడు ఉన్న చోటి కౌన్సిలే దీన్ని చూస్తుంది, అవతలివాడు దేశంలో ఎక్కడున్నా సరే. అంటే బెజవాడ ఎడిటర్ హైదరాబాద్ చుట్టూ తిరగక్కర్లేదు, ఆంధ్రప్రదేశ్‌లోనే వేసుకోవచ్చు. కౌన్సిల్ ముందు రాజీకి ప్రయత్నిస్తుంది, కుదరకపోతే ఆర్బిట్రేషన్. అక్కడ ఓడిన కొనుగోలుదారు కోర్టుకెక్కాలంటే తీర్పు మొత్తంలో 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది, ఆచరణలో అంతకన్నా ఎక్కువే పడుతోంది, అయినా సివిల్ దావా కన్నా చాలా నయం.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి ఫీజు లేదు. ఆధార్, పాన్ చాలు, జీఎస్టీ పరిమితి లోపు ఉన్నవాళ్ళకి జీఎస్టీ నంబర్ అవసరం లేదు. గూగుల్‌లో వెతికితే ప్రభుత్వ సైట్‌లా కనపడే ప్రైవేటు సైట్లు వచ్చి డబ్బులు అడుగుతాయి, వాటి జోలికి పోకండి. ఈరోజే చేసుకోండి. ఒక్క జాగ్రత్త, పని అయ్యాక రిజిస్టర్ చేసుకుంటే ఆ పాత పనికి ఈ రక్షణ వర్తించదని కోర్టులు చెప్పిన సందర్భాలు ఉన్నాయి. కాబట్టి మీ మూడు బిల్లులకి దీని మీద ఆశ పెట్టుకోవద్దు, రేపటి నుంచి చేసే పనికి ఇది మీ కవచం. ప్రతి బిల్లు మీద ఉద్యమ్ నంబర్ వేయండి.

పాత బిల్లుల సంగతి. బాకీ వసూలుకి దావా వేయడానికి మూడేళ్ళ గడువు ఉంటుంది, బాకీ ఉందని వాళ్ళు రాసి సంతకం పెట్టి ఒప్పుకుంటే ఆ రోజు నుంచి గడువు మళ్ళీ మొదలవుతుంది. కాబట్టి కంగారు అవసరం లేదు కానీ నిద్రపోకూడదు. వాట్సాప్ చాట్ స్క్రీన్‌షాట్లతో సరిపెట్టుకోకుండా మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి, ఆ ఫోన్ మార్చకండి, అమ్మకండి. మెయిల్‌తో పని కాకపోతే వకీలు ద్వారా నోటీసు, 15 రోజుల గడువుతో. చాలా కేసులు నోటీసు దగ్గరే తేలిపోతాయి. ఆ తర్వాత కూడా వెంటనే దావాకి పోకుండా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ దరఖాస్తు పెట్టొచ్చు, కోర్టు ఫీజు ఉండదు, వాళ్ళు రెండు వైపులా పిలిచి మాట్లాడతారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. లక్షన్నర లోపు బాకీకి నేనైతే ఈ దారే సూచిస్తాను.

వాళ్ళు చెక్ ఇస్తామంటే తీసుకోండి. చెక్ బౌన్స్ అయితే బ్యాంక్ సమాచారం అందిన 30 రోజుల్లోగా నోటీసు పంపాలి, నోటీసు అందాక వాళ్ళకి 15 రోజులు, అప్పటికీ ఇవ్వకపోతే నెలలోగా చెక్కుల చట్టం 138 సెక్షన్ కింద కోర్టులో ఫిర్యాదు. ఈ తేదీలు దాటితే తర్వాత చాలా కష్టం, క్యాలెండర్‌లో రాసుకోండి.

చేయకూడనివి కూడా చెప్తాను. లింక్డ్‌ఇన్‌లో కంపెనీ పేరు పెట్టి మోసగాళ్ళు అని రాయడం, వాళ్ళ పేజీ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉందని వీడియోలు తీసేయడం. ఇప్పటిదాకా న్యాయం మీ వైపు ఉంది, అలా చేస్తే మీ మీద కేసు పెట్టే అవకాశం మీరే ఇచ్చినట్టవుతుంది. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే ఇది సివిల్ వ్యవహారం అని పంపించేస్తారు, ఎక్కువసార్లు అది సరైన మాటే.

హక్కుల గురించి ఒక వాక్యం. పూర్తి డబ్బు అందాకే వాడుకునే హక్కులు బదిలీ అవుతాయి అని ప్రతి కొటేషన్‌లో రాసి, అవతలివాళ్ళ సంతకం తీసుకోండి. ఫొటోలు, సినిమా లాంటివి డబ్బిచ్చి చేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కుదారు చేయించుకున్నవాడే అని కాపీరైట్ చట్టం అంటుంది. వీడియో పనిచేసేవాళ్ళు రాత లేకుండా హక్కు మనదే అనుకోవడానికి లేదు.

మాదాపూర్ కంటెంట్:

వకీలు గారు చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. పెద్ద కంపెనీల దగ్గర ఉద్యమ్ నంబర్ బాగా పనిచేయడానికి ఇంకో కారణం 1961 ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలోని 43బీ(హెచ్) సెక్షన్. 2023 ఫైనాన్స్ యాక్ట్‌తో వచ్చింది, 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకి ఆ 15 లేదా 45 రోజుల్లో డబ్బు ఇవ్వకుండా మార్చి దాటిస్తే ఆ ఖర్చుని ఆ సంవత్సరం లాభంలోంచి తీసేసుకోనివ్వరు, నిజంగా ఇచ్చిన సంవత్సరంలోనే చూపించుకోవాలి. నా బిల్లుల మీద ఆ నంబర్ వేయడం మొదలుపెట్టాక ఫిబ్రవరి, మార్చిలో అకౌంట్స్ వాళ్ళే ఫోన్ చేసి మీ పెండింగ్ ఎంత అని అడుగుతున్నారు.

జీఎస్టీ ఉన్నవాళ్ళకి ఇంకో బాధ. క్లయింట్ ఇవ్వకపోయినా ఆ నెల పన్ను మన జేబులోంచి కట్టాలి. కాబట్టి బిల్లు మొత్తం ఆలస్యమైనా పన్ను వరకైనా ముందు వేయమని అడగండి. 180 రోజుల్లో మనకి డబ్బు ఇవ్వకపోతే మన బిల్లు మీది జీఎస్టీకి వాళ్ళు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (తమ పన్నులోంచి తగ్గించుకున్న మొత్తం) వడ్డీతో సహా వెనక్కి కట్టాలి, ఇది మర్యాదగా గుర్తుచేస్తే కదలిక వస్తుంది.

లండన్ నుంచి:

ఇక్కడ కోడింగ్ కాంట్రాక్టులు చేస్తుంటాను. బ్రిటన్‌లో 1998 నుంచి లేట్ పేమెంట్ చట్టం ఉంది, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు మీద 8 శాతం కలిపి వడ్డీ, దాంతోపాటు బాకీని బట్టి 40, 70, 100 పౌండ్ల చొప్పున పరిహారం అడగొచ్చు. నేను బిల్లు అడుగున ఆ చట్టం పేరు ఒక లైన్ వేస్తాను, వడ్డీ నిజంగా వసూలు చేయాల్సిన అవసరం రావడం అరుదు. న్యూయార్క్ సిటీలో కూడా 2017 నుంచి ఫ్రీలాన్సర్ల కోసమే ఒక చట్టం ఉంది, 800 డాలర్లు, అంతకు పైబడిన పనికి రాత ఒప్పందం తప్పనిసరి, తేదీ రాసుకోకపోతే పని ముగిసిన 30 రోజుల్లో ఇవ్వాలి. ఇండియా నుంచి విదేశీ క్లయింట్లకి పనిచేసేవాళ్ళు మాత్రం వీటి మీద ఆధారపడొద్దు, ఇక్కడి కోర్టుకి మీరు వచ్చి పోరాడేది కష్టం. అప్‌వర్క్ లాంటి చోట మైల్‌స్టోన్ (పనిలో ఒక్కో దశ) డబ్బు ముందే ఎస్క్రోలో, అంటే పని అయ్యేదాకా సైట్ దగ్గరే ఉండే ఖాతాలో, పెట్టించండి, పెట్టేదాకా మొదలుపెట్టకండి. నేరుగా చేసేటప్పుడు మొదటి పనికి మొత్తం ముందే తీసుకున్నా వాళ్ళు పెద్దగా అభ్యంతరపెట్టరు.

బెజవాడ ఎడిటర్:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. అకౌంట్స్ డెస్క్ గారూ, మీరు చెప్పినట్టు 26ఏఎస్ తెరిచి చూశా. ఏజెన్సీ పేరు మీద ఎంట్రీలు ఉన్నాయి! జనవరిది 60,000, మార్చిది 48,000, రెండిటికీ 10 శాతం చొప్పున 10,800 టీడీఎస్ కట్టినట్టు ఉంది. డబ్బు మాత్రం నాకు రాలేదు. మే బిల్లు కనపడట్లేదు. దీని అర్థం ఏంటి, దీంతో నేనేం చేయాలి? ఉద్యమ్ కూడా ఈరోజు చేసుకున్నా, ఆధార్ ఓటీపీతో అయిపోయింది. కొత్త రీల్స్‌కి అడ్వాన్స్ అడుగుతూ మెయిల్ రాశా కానీ ఇంకా పంపలేదు.

అకౌంట్స్ డెస్క్:

ఆ మెయిల్ ఆపి మంచి పని చేశారు, దీన్ని కూడా కలిపి పంపండి. దీని అర్థం సూటిగా చెప్తాను: మీ రెండు బిల్లులు వాళ్ళు ఒప్పుకున్నారు, పుస్తకాల్లో మీకు బాకీ ఉన్నట్టు రాసుకున్నారు, మీ పాన్ మీద ప్రభుత్వానికి పన్ను కూడా కట్టారు. ఇక "క్వాలిటీ నచ్చలేదు", "బిల్లు అందలేదు", "అప్రూవల్ పెండింగ్" అనడం వాళ్ళకి కష్టం. "మా క్లయింట్ ఇవ్వలేదు" అనే మాట కూడా తేలిపోయింది, ఆ క్లయింట్ ఇచ్చేదాకా బాకీ లేదనుకుంటే మీ పేరు మీద ఎందుకు జమ రాశారు? నోటీసు దాకా వెళ్ళినా వకీలు గారికి ఇది గట్టి కాగితం అవుతుంది. ఆ పేజీ పీడీఎఫ్ ఇప్పుడే దింపి పెట్టుకోండి.

మెయిల్‌ని క్రియేటివ్ వాళ్ళతో పాటు అకౌంట్స్‌కీ, డైరెక్టర్‌కీ పెట్టండి. ఇంత ఉంటే సరిపోతుంది:

"జనవరి, మార్చి బిల్లులు మొత్తం 1,08,000. వీటిపై మీరు 10,800 టీడీఎస్ జమచేసినట్టు నా 26ఏఎస్‌లో ఉంది, కాపీ జతచేశాను. నాకు రావలసిన నికరం 97,200. దీన్ని ఈ నెల ఫలానా తేదీలోగా కింది ఖాతాలో వేయగలరు. ఫారం 16ఏ (టీడీఎస్ సర్టిఫికెట్) కూడా పంపగలరు. మే బిల్లు 35,000 ఎప్పుడు చెల్లిస్తారో తేదీ తెలపగలరు. కొత్త రీల్స్ పని చేయడానికి సిద్ధంగా ఉన్నాను, పై మొత్తం అందాక, కొత్త పనికి 50 శాతం అడ్వాన్స్‌తో మొదలుపెడతాను."

ఇంతకు మించి ఒక్క మాట కూడా వద్దు. ఈఎంఐ సంగతి, ఇంటి ఇబ్బందులు రాయకండి, అవి చదివినవాళ్ళు మీరు ఎంత తగ్గితే ఒప్పుకుంటారో లెక్క వేసుకుంటారు. వాళ్ళు సగం ఇస్తామంటే తీసుకోండి, కానీ "ఫుల్ అండ్ ఫైనల్" అని రాసిన దేనికీ ఓకే చెప్పకండి, "పాక్షిక చెల్లింపు అందింది, మిగిలింది ఇంత" అని జవాబు ఇవ్వండి.

టీడీఎస్ గురించి ఒక జాగ్రత్త. ఆ 10,800 మీదే. రిటర్న్ వేసేటప్పుడు 26ఏఎస్‌లో కనపడే మొత్తానికీ మీరు చూపించే ఆదాయానికీ తేడా వస్తే నోటీసు రావచ్చు, డబ్బు అందిన సంవత్సరంలో ఆదాయం చూపించే పద్ధతి మీదైతే క్రెడిట్‌ని తర్వాతి సంవత్సరానికి తీసుకెళ్ళే వీలు ఫారంలోనే ఉంది, మీ సీఏతో ఒకసారి చూపించుకోండి. మే బిల్లు ఇప్పుడే కనపడదు, ఏప్రిల్-జూన్ రిటర్న్‌కి గడువు జులై 31 కాబట్టి ఆగస్టులో మళ్ళీ తెరిచి చూడండి.